మిద్దెతోటలో పురుగు కనబడగానే మందు కొట్టాలా? ముందు ఆకు తిప్పి చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మిద్దె మీద కుండీల్లో వంగ, టమాటా, బెండ, కరివేపాకు, మందారం పెంచుతున్నారు. వానలు మొదలయ్యాక వంగ మీద చుక్కల పెంకు పురుగులు, టమాటా మీద ముళ్లు ముళ్లుగా నల్లటి పురుగులు, మందారం కొమ్మలకు తెల్ల దూదిలాంటివి, వాటి చుట్టూ చీమలు కనబడుతున్నాయి. పక్కింటివాళ్లు వెంటనే మందు కొట్టమంటున్నారు. ఆ కూరలు పిల్లలు తింటారు కాబట్టి మీకు టెన్షన్‌గా ఉంది. ఏవి చెడ్డవి, ఏవి కావు, ఎలా తెలుసుకోవాలి?

మందు కొట్టకండి. కనీసం ఈ వారం వద్దు. మీరు చెప్పిన నాలుగింటిలో ముళ్ల నల్ల పురుగు దాదాపుగా మీకు మేలు చేసేదే. చీమలు మొక్కను తినవు, కానీ తినేవాటికి కాపలా కాస్తాయి. మందారం మీద దూది చాలావరకు పిండినల్లి అయి ఉంటుంది, అది హాని చేసేదే. కాకపోతే ఆ దూదిలోనే పిండినల్లిని తినే పురుగు కూడా ఉండొచ్చు. అసలు చిక్కంతా చుక్కల పెంకు పురుగుతోనే. అది మంచిదైనా కావచ్చు, చెడ్డదైనా కావచ్చు. తెలుగులో రెండింటినీ అక్షింతల పురుగు అనే అంటాం మరి.

నేను ఇరవై రెండేళ్లు కూరగాయల రైతులతో పొలాల్లో తిరిగి పనిచేశాను. తొమ్మిదేళ్లుగా మా మిద్దె మీద కూడా పండిస్తున్నాను. ఇన్నేళ్లలో పురుగు వల్ల పోయిన మొక్కల కంటే, పురుగు ఏమిటో తెలుసుకోకుండా కంగారుపడి కొట్టిన మందు వల్ల పోయిన తోటలే ఎక్కువ చూశాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందుగా అక్షింతల పురుగు. మంచిదాని ఒళ్లు నూనె రాసినట్టు నిగనిగలాడుతుంది. మన దగ్గర ఎక్కువగా కనబడేది నారింజ రంగు మీద నల్లటి మెలికల గీతలున్న రకం. ఎర్రగా ఉండి అడ్డంగా నల్ల పట్టీలున్న రకం కూడా ఉంది. ఇవి పేనుబంకను, అంటే లేత కొసలకు గుంపుగా పట్టి రసం పీల్చే చిన్న పురుగులను, తిని బతుకుతాయి. చెడ్డదానికి ఆ మెరుపు ఉండదు. రంగు వెలిసిన రాగిలా ఉంటుంది. భూతద్దం పెట్టి చూస్తే ఒళ్లంతా సన్నటి నూగు. చుక్కలు కూడా బాగా ఎక్కువ. వంగ మీదకొచ్చే ఒక రకానికి 28 చుక్కలుంటాయి, దాని శాస్త్రీయ నామానికి అర్థమే ఇరవై ఎనిమిది చుక్కలది అని.

అయితే పొద్దున్నే మిద్దె మీద నిలబడి చుక్కలు లెక్కపెట్టక్కర్లేదు. పురుగును వదిలేసి ఆకును చూడండి. చెడ్డ అక్షింతల పురుగు ఉన్న వంగ ఆకులో పచ్చదనమంతా గీకేసినట్టు పోయి, ఈనెలు మాత్రం మిగిలి జల్లెడలా కనబడుతుంది. గీకిన చోట సన్నటి వంపు గీతలు వరసగా ఉంటాయి. కొన్నాళ్లకు ఆ భాగం ఎండి గోధుమ రంగుకు తిరుగుతుంది. ఆకు శుభ్రంగా ఉండి పురుగు మాత్రం తిరుగుతుంటే, అది వేటకొచ్చినది. ఆ ఆకు అడుగునో లేత చిగురులోనో పేనుబంక కనబడుతుంది చూడండి.

పిల్ల పురుగుల్లో తేడా ఇంకా బాగా తెలుస్తుంది. చెడ్డదాని పిల్ల పసుపు రంగులో, ఒంటినిండా కొమ్మలు కొమ్మలుగా చీలిన ముళ్లతో, ఆకు అడుగున అతుక్కున్నట్టు కదలకుండా కూర్చుని తింటుంది. మంచిదాని పిల్ల నల్లగానో బూడిద రంగులోనో ఉండి, మీద నారింజ మచ్చలతో, పొడుగ్గా మొసలి పిల్లలా ఉంటుంది. ఆరు కాళ్ల మీద గబగబా పరుగెడుతుంది. మీ టమాటా మీద ఉన్న ముళ్ల నల్ల పురుగు ఇదే అయి ఉంటుందని నా అంచనా. చూడ్డానికి భయం వేస్తుంది, నిజమే. తల్లికీ పిల్లకూ పోలికే ఉండదు కాబట్టి తల్లిని ముద్దుగా చూసినవాళ్లే పిల్లను నలిపేస్తారు.

మా వీధిలో ఒకావిడ చిక్కుడు పాదు పెట్టారు. మంచి పాదు, పందిరంతా అల్లుకుంది. లేత కొసలకు నల్ల పేనుబంక మొదలైంది. చిక్కుడుకు అది మామూలే. నాలుగు రోజులకు ఈ నల్ల ముళ్ల పిల్లలు వచ్చాయి. ఆవిడ అవే ఆకులు తింటున్నాయనుకుని ఒక్కొక్కదాన్ని ఏరి, నలభై దాకా సబ్బు నీళ్ల డబ్బాలో వేసి, నాకు చూపించడానికి తెచ్చారు. ఎంత ఓపిగ్గా ఏరారో. చూస్తుంటే నా మనసు చివుక్కుమంది, ఆవిడతో ఏమనాలో తోచలేదు. పది రోజుల్లో పాదు కొసలన్నీ నల్లగా, బంకగా, ముడుచుకుపోయాయి. పేనుబంకకు మగదాని అవసరం కూడా లేకుండా పిల్లలు పుడతాయి, ఆ పిల్లలు వారం రోజుల్లో మళ్లీ తల్లులవుతాయి. అక్షింతల పురుగుకు గుడ్డు నుంచి పెద్దది కావడానికి మన ఎండల్లో కూడా రెండు మూడు వారాలు పడుతుంది. ఒకసారి వేటగాళ్లను చంపేస్తే అవి మళ్లీ కోలుకునేలోపు పేనుబంక ఎంతో ముందుకు పోతుంది.

పేరు తెలియని పురుగు కనబడినప్పుడు నేను మొదట చూసేది దాని నడక. గుంపుగా, కదలకుండా కూర్చున్నది సాధారణంగా మొక్కను తినేది. ఒంటరిగా అటూ ఇటూ వెతుక్కుంటూ తిరిగేది సాధారణంగా వేటాడేది. తినేదానికి అన్నం కాళ్ల కిందే ఉంది, ఎక్కడికీ వెళ్లే పని లేదు. వేటాడేదానికి వెతుక్కోక తప్పదు. పేనుబంక, పిండినల్లి, పొలుసు పురుగు, తెల్లదోమ పిల్లలు అన్నీ కదలనివే. సాలీడు, అక్షింతల పిల్ల, చేతులు జోడించి దణ్ణం పెడుతున్నట్టు నిలబడే గొల్లభామ, ఇవి తిరిగేవి. గొల్లభామ కాసేపు కదలకుండా పొంచి ఉన్నా గుంపుగా మాత్రం ఎప్పుడూ ఉండదు. ఈ లెక్క తప్పే చోట్లు కూడా చెప్తాను. బెండ, వంగ ఆకుల అడుగున లేతాకుపచ్చ రంగులో బియ్యపు నూకంత పురుగు ఉంటుంది. ఆకు తిప్పగానే పీతలా పక్కకు నడుస్తుంది. అది చురుగ్గా ఉన్నా రసం పీల్చే పచ్చదోమ. ఆకు అంచులు పసుపెక్కి పైకి ముడుచుకుంటుంటే అదే కారణం. గొంగళి పురుగులు కూడా ఒంటరిగానే తిరుగుతాయి, ఆకులు తింటాయి. పొగాకు లద్దె పురుగైతే పగలు మట్టిలో, ఆకుల చాటున దాక్కుని రాత్రే బయటికొస్తుంది. పొద్దున లేచేసరికి ఆకు సగం లేదు, పురుగు కూడా కనబడలేదు అంటే రాత్రి తొమ్మిదికి టార్చి పట్టుకుని వెళ్లాల్సిందే.

ఇక మందారం మీద దూది. ఇక్కడ తొందరపడకండి. దూది ముద్దలోకి ఒక పుల్లతో నెమ్మదిగా కదిపి చూడండి. పిండినల్లి అయితే కందిగింజ కంటే చిన్నగా, చదునుగా ఉంటుంది, పెద్దగా కదలదు. నలిపితే గులాబీ రంగులోనో పసుపుగానో రసం వస్తుంది. పుల్ల తగలగానే కాళ్లు తీసి నడిచి వెళ్లిపోతే, దానికంటే రెండు మూడింతలు పెద్దగా ఉండి, ఒంటి మీద మైనపు పోగులు పొడుగ్గా వేలాడుతుంటే, అది పిండినల్లిని తినే అక్షింతల జాతి పిల్ల. శత్రువు వేషం వేసుకునే శత్రువుల మధ్య తిరుగుతుంది. ఇందులో ఒక రకాన్ని, క్రిప్టోలీమస్ అనేదాన్ని, ఆస్ట్రేలియా నుంచి 1898లో మన దేశానికి తెచ్చారు. ద్రాక్ష తోటల వాళ్లకు బాగా తెలుసు, పిండినల్లి కోసం కొనుక్కుని మరీ వదులుతారు. ఎదిగాక కూడా ఈ పురుగు చిన్నదే, ముదురు గోధుమ రెక్కలు, నారింజ రంగు తల. దీని ఒంటి మీద కూడా సన్నటి నూగు ఉంటుంది. కాబట్టి నూగు ఉన్నదల్లా చెడ్డది అనుకోకండి, ఆకును చూసే తేల్చుకోండి.

ఈ దూది విషయంలో నేనే పెద్ద తప్పు చేశాను. మిద్దెతోట మొదలుపెట్టిన రెండో ఏడు, డ్రమ్ములో పెట్టిన బొప్పాయికి పిండినల్లి పట్టింది. మందుల దుకాణంలో ఒక సీసా ఇచ్చి, ఇది కొడితే వారంలో శుభ్రమైపోతుందన్నారు. అన్నీ తెలిసి కూడా కొట్టాను. వారంలో నిజంగానే తగ్గింది. ఐదో వారానికి బొప్పాయి ఒక్కటే కాదు, పక్కనున్న మందారం, వంగ కూడా తెల్లబడిపోయాయి. మైనపు పొర కింద దాక్కున్న పిండినల్లి గుడ్లకు మందు తగల్లేదు. వాటిని తినేవి మాత్రం పైన తిరుగుతూ ఉండి చచ్చిపోయాయి. మందు కొట్టకముందు ఆ బొప్పాయి ఆకు మీద నేనొక వింత చూశాను. గోధుమ రంగులో చిన్న కాయలాంటిది అంటుకుని ఉంది. దగ్గరకెళ్లి చూస్తే రెండు కళ్లు, ముక్కు, మూతితో అచ్చం కోతి ముఖం. ఏమిటో అనుకుని వదిలేశాను. తర్వాత తెలిసింది, అది ఒక చిన్న సీతాకోకచిలుక గూటి దశ అని. ఆ సీతాకోకచిలుక గొంగళి ఆకులు తినదు, పిండినల్లిని తింటుంది. నా తోటలోకి నడిచొచ్చిన సాయాన్ని గుర్తుపట్టలేక నా చేతులతోనే చంపుకున్నాను. ఇప్పటికీ కోతి ముఖం కనబడితే ఆ కొమ్మ జోలికి ఎవరినీ వెళ్లనివ్వను.

బొప్పాయి పిండినల్లి సంగతి వచ్చింది కాబట్టి ఇది కూడా చెప్పాలి. ఆ పురుగు మన దేశానిది కాదు. 2008లో తమిళనాడులోని కోయంబత్తూరు దగ్గర బయటపడి పక్క రాష్ట్రాలకు పాకింది. బొప్పాయి, మల్బరీ, కర్రపెండలం తోటలు తెల్లబడిపోయాయి. రైతులు ఎన్ని మందులు కొట్టినా ఆగలేదు. చివరికి 2010లో బెంగళూరులోని కేంద్ర కీటక పరిశోధన సంస్థ పోర్టోరికో నుంచి మూడు రకాల అతి చిన్న కందిరీగలను తెప్పించి వదిలింది. నలుసంత ఉంటాయి అవి. పిండినల్లి ఒంట్లో గుడ్డు పెడతాయి, పిల్ల లోపలి నుంచి తినేస్తుంది. కొన్ని నెలల్లోనే పురుగు అదుపులోకి వచ్చింది. వాటిని మనం కంటితో చూసినా ఏదో దోమపిల్ల అనుకుంటాం. మందు కొడితే ముందు పోయేవి అవే.

చీమల గురించి. పేనుబంక, పిండినల్లి మొక్క రసం పీల్చి తియ్యటి బంక విసర్జిస్తాయి. పేనుబంక అనే పేరు అలా వచ్చిందే. ఆ బంక కోసం చీమలు వస్తాయి, దాన్నిచ్చే పురుగులను పశువుల్లా కాస్తాయి. అక్షింతల పురుగు దగ్గరకొస్తే కరిచి తరిమేస్తాయి. కాబట్టి చీమల బారు మొక్క మొదలు నుంచి పైకి పోతోందంటే, పైన ఏదో రసం పీల్చే పురుగు ఉందని ఆ చీమలే మీకు చెబుతున్నట్టు. వాటి వెంటే చూసుకుంటూ వెళ్లండి, సరిగ్గా అక్కడికే తీసుకెళ్తాయి. ఆకుల మీద మసి పూసినట్టు నల్లటి పొర ఉంటే అది ఆ బంక మీద పెరిగిన బూజు. బంక ఆగితే మసీ ఆగుతుంది. చీమల దారి తెంపేస్తే సగం పని అయిపోయినట్టే. ఇది చాలామంది చేయరు. కుండీని నీళ్లు పోసిన పళ్లెంలో రాయి పెట్టి దాని మీద ఉంచినా చాలు, కాకపోతే రెండు రోజులకోసారి నీళ్లు మార్చండి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి. కొమ్మలు గోడకో పక్క మొక్కకో తగలకుండా చూసుకోండి, లేకపోతే చీమలు ఆ దారిన వస్తాయి.

ఆకు తిప్పినప్పుడు ఇంకా కొన్ని కనబడతాయి. వీటిని చూసి తెగులేమో అనుకునే ప్రమాదం ఉంది.

పేనుబంక గుంపులో కొన్ని మాత్రం ఉబ్బి, గోధుమ రంగులో, కాగితం ఉండల్లా ఎండిపోయి ఉంటే, వాటిలో నలుసంత కందిరీగ గుడ్డు పెట్టిందన్నమాట. కొన్నింటికి వీపు మీద గుండ్రటి చిల్లు ఉంటుంది, పిల్ల కందిరీగ అందులోంచి బయటికెళ్లిపోయింది. అలాంటి ఉండలు పది కనబడ్డాయంటే ఆ కొమ్మ గురించి మీరు దిగులుపడక్కర్లేదు.

ఆకు మీద సన్నటి వెంట్రుకలు నిలబడి, ఒక్కొక్కదాని కొసన తెల్లటి గుండుసూది తలంత చుక్క ఉంటే బూజు అనుకోకండి. అవి అల్లిక రెక్కల పురుగు గుడ్లు. పిల్లలు పుట్టగానే ఒకదాన్నొకటి తినకుండా తల్లి ఒక్కో గుడ్డును ఒక్కో పోగు మీద ఎత్తున పెడుతుంది. ఆ పిల్లలు పేనుబంకకు యముళ్లు.

గొంగళి పురుగు వీపు మీద బియ్యపు గింజల్లాంటి తెల్లటి గూళ్లు అతుక్కుని ఉంటే ఆ గొంగళిని చంపకండి. అది ఎలాగూ బతకదు. దాని నుంచి వచ్చే కందిరీగలు మిగతా గొంగళ్ల పని చూస్తాయి.

గోడకు మట్టి గూడు కట్టే కందిరీగను చూసే ఉంటారు. పురుగును తెచ్చి గూట్లో పెట్టి, చుట్టూ ఝుమ్మని తిరుగుతుంటే ఆ పురుగే భ్రమరమవుతుందని పెద్దవాళ్లు భ్రమరకీట న్యాయం చెప్పేవారు. అది తెచ్చి పెట్టేది చాలావరకు మన తోటలోని గొంగళినే. కుట్టి కదలకుండా చేసి, తన పిల్లకు ఆహారంగా గూట్లో పెట్టి మూసేస్తుంది. కొన్నాళ్లకు గూట్లోంచి కందిరీగ వస్తుంది కాబట్టి పురుగే అలా మారిందనుకున్నారు. పిల్లలు ఆడుకునే చోట కాకపోతే ఆ గూడును కొట్టేయకండి.

గులాబీ ఆకు అంచును రూపాయి బిళ్ల పెట్టి కత్తిరించినట్టు గుండ్రంగా కోసి ఉంటే, అది ఒక రకం తేనెటీగ పని. తినడానికి కాదు, గూట్లో పరుచుకోవడానికి తీసుకెళ్తుంది. మొక్కకు ఏమీ కాదు. మీ సొర, బీర పూలకు పరాగం మోసేవాళ్లలో ఇవి కూడా ఉంటాయి.

ఇప్పుడు అసలు ప్రశ్న: హాని ఎంతైతే మనం కలగజేసుకోవాలి? పురుగు చెడ్డదైనంత మాత్రాన అది మీ మొక్కకు చేటు చేస్తోందని కాదు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో మొక్కల ఆరోగ్యం మీద కేంద్ర సంస్థ ఒకటి ఉంది. అక్కడి పద్ధతిలో ఒక లెక్క చెప్తారు: రెండు శత్రు పురుగులకు ఒక మిత్ర పురుగు ఉంటే మందు అవసరం లేదని. కచ్చితంగా అన్ని పురుగులకూ ఒకేలా సరిపోదు. ఒక్క అక్షింతల పిల్ల రోజుకు పదుల కొద్దీ పేనుబంకను తింటుంది. కానీ ఆ లెక్క వేయాలంటే మీరు రెండు రకాలనూ చూసి లెక్కపెట్టాలి. అలా చూడటం అలవాటు కావడమే దాని వల్ల వచ్చే పెద్ద లాభం.

మొక్క వయసు కూడా చూడాలి. కరివేపాకు మీద పిట్ట రెట్టలా నల్లగా తెల్లగా ఉండే పురుగు, పెద్దయ్యాక పచ్చగా మారేది, నిమ్మజాతి సీతాకోకచిలుక గొంగళి. ముట్టుకుంటే తల వెనక నుంచి ఎర్రటి చీలిన కొమ్ము బయటికి తీసి ఘాటు వాసన వదులుతుంది. పిల్లలకు చూపించండి, చాలా ఇష్టపడతారు. నిలువెత్తు కరివేపాకు చెట్టు మీద నాలుగైదు ఉంటే నేను వదిలేస్తాను, చెట్టు మళ్లీ చిగురిస్తుంది. జానెడు మొక్క మీద రెండున్నా మూడు రోజుల్లో మోడు చేస్తాయి. అప్పుడు తీసి పెద్ద నిమ్మచెట్టు మీద వదులుతాను.

కొన్ని పురుగులు మాత్రం కొద్దిగా ఉన్నా ఊరుకోకూడదు. బెండ మీద తెల్లదోమ అలాంటిది. అది పీల్చే రసం కంటే అది మోసుకొచ్చే శంఖు రోగం పెద్ద నష్టం. ఆకు ఈనెలు పసుపు పచ్చగా వలలా తేలితే ఆ మొక్కకు మందు లేదు. పీకేసి మిగతా బెండను కాపాడుకోవాలి. రెండోది వంగలో కొమ్మ, కాయ తొలిచే పురుగు. లేత కొస ఒక్కటే తలవాల్చి వడలిపోతే నీళ్లు తక్కువయ్యాయని అనుకుంటారు. ఆ కొసను చీల్చి చూస్తే లోపల గులాబీ ఛాయ ఉన్న చిన్న పురుగు ఉంటుంది. వడలిన చోటికి ఒక అంగుళం కింద తుంచి సబ్బు నీళ్లలో వేయండి. పురుగు కొమ్మ లోపల ఉంటుంది కాబట్టి పైన ఎంత మందు కొట్టినా తగలదు. వారానికి రెండుసార్లు ఇలా తుంచితే కాయల దాకా పోకుండా చాలావరకు ఆపొచ్చు. మూడోది మిరప పూలలో తామర పురుగు. పూవును తెల్ల కాగితం మీద తట్టి చూడండి, సన్నటి దారపు ముక్కల్లా పరుగెడతాయి. 2021లో గుంటూరు, ఖమ్మం, వరంగల్ వైపు మిరప తోటలను నల్ల తామర పురుగు ఎలా ముంచేసిందో మిరప రైతులెవరినైనా అడగండి. కుండీలో రెండు మిరప మొక్కలుంటే పూలు తుంచేసి, నీలం రంగు జిగురు అట్ట పెట్టి, వారం ఆగి చూడండి.

ఆకుల మీద తెల్లటి పాము గీతలు ఉంటే, టమాటాకు ఇది మామూలే, లోపల చిన్న పురుగు తొలుస్తోంది. చూడ్డానికి బాగుండదు తప్ప పెద్ద మొక్కకు నష్టం తక్కువ. బాగా పట్టిన ఆకులు తుంచేస్తే చాలు.

మందు వద్దని ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, మాది గుంటూరు జిల్లాలో పత్తి ఊరు. 1980ల మధ్యలో, నేను బడికెళ్లే రోజుల్లో, అప్పుడే కొత్తగా వచ్చిన సింథటిక్ పైరెథ్రాయిడ్ రకం పురుగుమందులు విపరీతంగా కొట్టారు. కాయ తొలిచే పురుగు కోసం కొడితే తెల్లదోమ పెరిగింది. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో చేలు మసి పూసినట్టు నల్లబడ్డాయి. మా నాన్న చేలోంచి వస్తే చొక్కా బంకగా ఉండేది, అది నాకు బాగా గుర్తు. ఎంత కొడితే అంత పెరిగింది. తెల్లదోమను తినేవి చేలో మిగల్లేదని మాకెవరూ చెప్పలేదు. తర్వాత ఈ పనిలోకి వచ్చాక అది చదువుకుని చాలా బాధపడ్డాను. మిద్దె మీద ఇరవై కుండీల్లో కూడా జరిగేది అదే, కాకపోతే చిన్నగా. మందు కొట్టిన నెలకు ఎర్రనల్లి ఎందుకొచ్చిందో తెలియట్లేదని నన్ను అడిగేవాళ్లు చాలామంది. ఎర్రనల్లిని తినేవి ఆ మందుకే పోయాయి.

మట్టిలో కనబడేవాటి గురించి మీరు అడగలేదు, అయినా ఈ కాలంలో కనబడతాయి కాబట్టి రెండు మాటలు. ఆరుద్ర కార్తెలో మఖమల్ గుడ్డలా ఎర్రగా తిరిగే ఆరుద్ర పురుగు మొక్కకు ఏమీ చేయదు, ఇతర పురుగుల గుడ్లు తింటుంది. ఇప్పుడు అదే అరుదైపోయింది, కనబడితే పిల్లలను పిలవండి. రోకలిబండ కుళ్లిన ఆకులు తింటుంది, మొలకల దగ్గర మాత్రం తీసి పక్కన వేయండి. ఎరువులో తెల్లగా, లావుగా, వంకీ తిరిగి ఉండే పురుగులు ఎక్కువగా పేడలో, కుళ్లుతున్న చెత్తలో బతికేవే. కుండీలో అవి ఉన్నాయంటే మీరు వేసిన ఎరువు సరిగా చివకలేదన్నమాట, ఏరి తీసేయండి. చుట్టుపక్కల కొబ్బరి చెట్లుంటే అసలు వదలకండి, అవి కొమ్ము పురుగు పిల్లలు కావచ్చు.

ఇక మీరు ఈ వారం చేయాల్సినవి. పొద్దున ఏడు లోపు ఒక భూతద్దంతో ప్రతి మొక్కకూ మూడు ఆకులు, కింద ఒకటి, మధ్యలో ఒకటి, పైన ఒకటి, తిప్పి చూడండి. వంగ ఆకులు జల్లెడలా ఉంటే పసుపు ముళ్ల పిల్లలను, మెరుపు లేని పెద్దవాటిని చేత్తో ఏరేయండి. ఆకు అడుగున నిలువుగా పేర్చిన పసుపు గుడ్లు ఉంటే మాత్రం ఆగండి. మంచి, చెడ్డ రెండింటి గుడ్లూ దాదాపు ఒకేలా ఉంటాయి. ఆ ఆకును ఒక గాజు సీసాలో పెట్టి, మూతికి పల్చటి గుడ్డ కట్టి, మూడు నాలుగు రోజులు చూడండి. నల్ల పిల్లలు వస్తే టమాటా మీద వదలండి, పసుపు పిల్లలు వస్తే సబ్బు నీళ్లలో వేయండి.

మందారానికి ముందు చీమల దారి ఆపండి. దూదిలో నడిచే పిల్లలు ఉన్నాయో లేదో పుల్లతో చూసి, ఉంటే ఆ కొమ్మ వదిలేయండి. లేని కొమ్మలను పైపుతో గట్టిగా నీళ్లు కొట్టి కడగండి, బాగా ముదిరిన కొసలు కత్తిరించేయండి. రెండు మూడు రోజులకోసారి కడిగితే చాలావరకు పోతుంది.

అప్పటికీ తగ్గకపోతే లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, అది కలవడానికి కాస్త సబ్బు నీళ్లు వేసి బాగా గిలకొట్టి, సాయంత్రం ఎండ తగ్గాక, పురుగున్న చోటు మాత్రమే తడిసేలా కొట్టండి. ముందు ఒక కొమ్మకు కొట్టి రెండు రోజులు చూడండి, కొన్ని మొక్కల లేతాకులు మాడతాయి. వేపనూనె ఇంట్లో చేసుకునేదే కదా అని వారం వారం తోటంతా కొట్టేవాళ్లున్నారు. అది అక్షింతల పిల్లల్లాంటి మెత్తటి ఒళ్లకు కూడా చేటే. పూత మీద అసలు కొట్టకండి, తేనెటీగలు వస్తాయి.

పక్కింటివాళ్లు ఇప్పటికే మీ కుండీలకు ఏమైనా కొట్టి ఉంటే, ఏ మందో సీసా మీద పేరు చూసి రాయండి. అది కూరగాయలకు వాడదగినదేనా, కొట్టాక ఎన్ని రోజులు కోయకూడదు అనేది సీసా మీదే రాసి ఉంటుంది. ఆ గడువు అయ్యేదాకా ఆ కాయలు పిల్లలకు పెట్టకండి. టమాటా మీదున్న నల్ల పురుగుల ఫోటో ఒకటి, అవి ఉన్న కొమ్మ కొస ఫోటో ఒకటి, ఆకు అడుగు భాగం కనబడేలా తీసి పెట్టండి. పేనుబంక ఎంత ఉందో చూసి, ఆ నల్ల పిల్లలకు సరిపడా తిండి ఉందా, లేక కొన్నింటిని మందారం మీదకు మార్చాలా చెప్తాను.